దొంగల కోసం చల్లిన నీలిరంగు

తీగ దారి – 7వ భాగం

పోయిన భాగం చివర బోర్డో రైతు చేతికి అమెరికా వేరు అందించి ఆగాం. ఫిలాక్సెరా అనే పేనుబంక జాతి పురుగు 1860ల నుంచి ద్రాక్ష వేళ్ళను పీల్చి ఫ్రాన్సు తోటలను ఎట్లా ఎండబెట్టిందో చూశాం. విరుగుడు కనిపెట్టినవాడికి 3 లక్షల ఫ్రాంకులిస్తామని అక్కడి సర్కారు చాటించింది. అమెరికా తీగల వేళ్ళను ఈ పురుగు ఏమీ చేయలేదని బోర్డోకే చెందిన లియో లాలిమాన్ 1869లోనే చెప్పాడు. పురుగును చంపే మందు చూపలేదు, తప్పించుకునే దారి చూపావంతే అని మెలికపెట్టి ఆయనకు ఆ డబ్బు ఎగ్గొట్టారు. పైగా పురుగును తెచ్చిపెట్టింది కూడా ఆయనేనన్నారు. డబ్బు ఇవ్వలేదు గానీ ఆయన చెప్పిన దారే పట్టారు. కింద అమెరికా వేరు, పైన ఫ్రెంచి కొమ్మ. అంటు కట్టి బతికారు.

పులివెందుల చీనీ రైతుకు ఈ మాట చెబితే, ఇందులో వింతేముంది అంటాడు. ఆయన తోటలోనూ కింద రంగపూర్ నిమ్మ వేరు, పైన సాత్గుడి కొమ్మ. ఎండకూ వేరుకుళ్ళుకూ తట్టుకునే పని ఒకదానిది, తియ్యగా కాసే పని మరొకదానిది.

కథ అక్కడితో చల్లబడాల్సింది. చల్లబడలేదు. అమెరికా తీగలు ఓడల్లో ఒంటరిగా రాలేదు మరి.

ఆ సంగతికి పోయేముందు, మధ్యలో కలిసిన పాఠకుల కోసం బోర్డో నేల గురించి నాలుగు మాటలు మళ్ళీ చెప్పుకోవాలి. గరోన్, దొర్దోన్ అని రెండు నదులు. అవి కలిసి జిరోంద్ అనే వెడల్పాటి పాయగా మారి అట్లాంటిక్‌లో పడతాయి. ఎడమ గట్టు గులకరాళ్ళ నేల. పగటి వేడిని రాత్రి దాకా దాచుకునే ఆ రాళ్ళలో కాబెర్నే సావిన్యోఁ అనే నల్ల ద్రాక్ష బాగా పండుతుంది. కుడి గట్టు బంకమన్ను, సున్నపురాయి. అక్కడ మెర్లోది రాజ్యం. బోర్డో ఎర్ర ద్రాక్షసారా అంటే ఈ రెండింటి కలయికే ముఖ్యం. కాబెర్నే ఫ్రాఁ, పెతీ వెర్దో లాంటివి తిరగమోతలో ఇంగువ మోతాదులో పడతాయి.

ఒకే రకం పెట్టుకోక ఎందుకీ కలగాపులగం? రుచి కోసమే అని పుస్తకాల్లో రాస్తారు గానీ, అసలు కారణం భయం. మెర్లో ముందు చిగురేస్తుంది, ముందు పండుతుంది. ఏప్రిల్‌లో మంచు పడిందంటే ముందు మాడేదీ అదే. కాబెర్నే నిదానంగా పండుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వానలు ముందే పట్టుకుంటే పులుపూ వగరూ తగ్గక గరుకుగా మిగిలిపోతుంది. రెండూ పెట్టుకున్నవాడికి ఏదో ఒకటి దక్కుతుంది. వేరుశనగ సాళ్ళ మధ్య కంది వేసే మా వైపు రైతుకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. శనక్కాయ పోయినా కంది నిలబడుతుంది. అక్కడ ఈ భయంలోంచి పుట్టిన అలవాటే మరీ చిక్కన కాక మరీ పల్చన కాక నాలుక మీద వగరుగా నిలిచే ఆ రుచి అయి కూర్చుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని క్లారెట్ అన్నారు, మూడు వందల ఏళ్ళు ఆ నేలనే ఏలారు, పోగొట్టుకున్నాక నాలుగు వందల ఏళ్ళు డబ్బిచ్చి కొనుక్కుంటూ వచ్చారు.

ఇప్పుడు 1878కి వద్దాం.

ఆ ఏడు ఫ్రాన్సు తోటల్లో కొత్త జబ్బు కనిపించింది. ఆకు పై వైపు నూనె చుక్క పడ్డట్టు పసుపు మరక. తిప్పి చూస్తే అడుగున తెల్లని నూగు. పది రోజుల్లో ఆకు ఎండి రాలుతుంది. గెలలు మాత్రం తీగకే వేలాడుతుంటాయి. చూసేవాడికి కాయ ఉంది గదా అనిపిస్తుంది. ఆకు లేని కాయకు తీపి ఎక్కడిది? చక్కెర ఎక్కని ఆ పళ్ళతో తీసిన సారా నీళ్ళలాగా ఉండేది, నిలవ ఉండేది కాదు. మన భాషలో ఇది బూజు తెగులు. అంతకు పాతికేళ్ళ కిందట గంధకం పొడి చల్లి అదుపులో పెట్టిన బూడిద తెగులు వేరు, ఇది వేరు. గంధకానికి ఇది లొంగలేదు. ఫ్రెంచివాళ్ళకు దీనికి సొంత పేరు కూడా లేదు. ఇంగ్లీషు మిల్‌డ్యూనే మిల్దియూ అని నోరు తిప్పుకుని వాడుకున్నారు.

ఈ తెగులు పుట్టిల్లు అమెరికా. అక్కడి అడవి తీగలకు అది పాత చుట్టం, వాటిని చంపదు. ఫిలాక్సెరా నుంచి కాపాడటానికి ఓడల కొద్దీ తెప్పించిన తీగల మీద కూర్చుని అట్లాంటిక్ దాటింది. మందు తెచ్చుకుంటే ఆ సీసాలోనే ఇంకో జబ్బు వచ్చినట్టయింది. 1880ల మొదట్లో బోర్డో రైతు పరిస్థితి ఊహించండి. ఉన్న తోట పీకి, అప్పు చేసి అంటు మొక్కలు నాటి, మూడేళ్ళు కాపు కోసం చూసి, తీరా కాపు వచ్చే ఏటికి ఆకు రాలిపోయింది. మా వైపు బోరు మీద బోరు వేసి నాలుగో బోరులో నీళ్ళు పడ్డ ఏడే చీనీకి ఎండు తెగులు తగిలిన వాళ్ళను చూశాను. ఆ మొహాలు గుర్తొస్తాయి.

అప్పుడు బోర్డో విశ్వవిద్యాలయంలో మిలార్దే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. పూర్తి పేరు పియెర్ మరీ అలెక్సీ మిలార్దే. పుట్టింది 1838లో, జ్యూరా కొండల దిక్కున. వైద్యం చదివి మొక్కల వైపు మళ్ళాడు. జర్మనీలో శిలీంద్రాల శాస్త్రానికి పెద్దదిక్కయిన డి బారీ దగ్గర శిష్యరికం చేశాడు. 1876లో బోర్డో వచ్చాడు. అమెరికా వేళ్ళు వాడాలని గట్టిగా వాదించినవాళ్ళలో ఆయనా ఒకడు. అంటే, తాను పిలిచిన చుట్టం సంచిలోంచే ఈ కొత్త తెగులు దిగింది. దాని వెంట ఆయన అంతగా పడటంలో కొంత అపరాధ భావం కూడా ఉండి ఉంటుందని నా అనుమానం.

1882 అక్టోబరు నెలాఖరు. బోర్డో ఎడమ గట్టున మెడోక్‌లో సాఁ జూలియాఁ ఊరి తోటల పక్కన బాట వెంట మిలార్దే నడుస్తున్నాడు. ఎటు చూసినా మోడు తీగలే. బాటకు ఆనుకుని ఉన్న సాళ్ళు మాత్రం ఆకుతో ఉన్నాయి. ఆగి చూశాడు. ఆ ఆకుల మీద నీలంగా ఏదో చల్లిన మరకలు.

ఆ తోట బోకయూ కోటది. దాని అజమాయిషీ చూసే ఎర్నెస్ట్ దవీద్‌ను అడిగితే సంగతి తేలింది. బాటన పోయేవాళ్ళు చేయి చాచి గెలలు తెంపుకుపోతున్నారట. పళ్ళు పండే నెలల్లో రోడ్డు పక్క సాళ్ళ మీద మైలుతుత్తమూ సున్నమూ కలిపిన నీళ్ళు చల్లడం ఆ చుట్టుపక్కల అలవాటు. ఆ రంగు చూస్తే విషం పూశారనుకుని దొంగ చేయి వెనక్కి తీసుకుంటాడు. అంతే. తెగులూ లేదు, మందూ లేదు.

దారి పక్క చేనుకు కాపలా ఎట్లా ఉంటుందో మాకు తెలుసు. కంచెకు కంపముళ్ళు పెడతాం, దిష్టిబొమ్మకు పాత చొక్కా తొడుగుతాం, మామిడి తోటలో మంచె మీద కూర్చుని అరుస్తాం. మెడోక్ వాళ్ళకు రంగునీళ్ళు తట్టాయి. ఎవడికి మొదట తట్టిందో ఆ పేరు ఏ కాగితం మీదా లేదు. చరిత్ర పుస్తకంలో మిలార్దే బొమ్మ వేస్తారు. ఆయన గొప్పతనాన్ని తగ్గించను. రోజూ వేలమంది నడిచిన బాటలో ఆగి చూసినవాడు ఆయనే. కానీ ఈ మందుకు అసలు తల్లి ఒక పిసినారి కాపలాదారు.

మైలుతుత్తంలో ఉండే రాగికి తెగులును ఆపే గుణం ఉందని అంతకు ముందే ఒకడు చెప్పాడు. 1807లో, బోర్డోకు ఎగువన ఉన్న మోంతోబాన్ ఊళ్ళో, బెనెదిక్త్ ప్రెవో గోధుమ కాటుక తెగులు మీద పనిచేస్తూ, రాగి తగిలిన నీళ్ళలో ఆ తెగులు విత్తులు మొలకెత్తడం లేదని పట్టుకున్నాడు. పెద్దలు చెవిన పెట్టలేదు. ఆ మాట 75 ఏళ్ళు మూలన పడి ఉంది.

మిలార్దే తన ఊళ్ళోనే ఉన్న రసాయనవేత్త యులీస్ గయోఁను కలుపుకున్నాడు. ఈయన పాశ్చర్ శిష్యుడు. ఏది పనిచేస్తోంది, రాగా సున్నమా? మైలుతుత్తం ఒక్కటే చల్లితే ఆకు మాడింది. సున్నం ఒక్కటే చల్లితే తెగులు ఆగలేదు. రెండూ కలిస్తే రాగి ఆకును కాల్చకుండా దాని మీద పట్టు పట్టి, వానకు మెల్లమెల్లగా కరిగి, తెగులు విత్తు మొలిచేచోట కాపు కాస్తుంది. బోకయూ, దోజాక్ తోటలు రెండూ నథానియేల్ జాన్‌స్టన్ అనే ఒకే వర్తకుడివి, అజమాయిషీ దవీద్‌దే. అందుకని పరీక్షలకు తోటలు వెతుక్కోవలసిన పని పడలేదు. 1885లో మిలార్దే తన మందును ప్రకటించాడు.

ఆ మొదటి లెక్క ఇప్పటి రైతు వింటే నోరెళ్ళబెడతాడు. 100 లీటర్ల నీళ్ళలో 8 కిలోల మైలుతుత్తం. 30 లీటర్ల నీళ్ళలో 15 కిలోల రాతిసున్నం. రెండూ కలిపితే వచ్చేది నీళ్ళు కాదు, చిక్కటి జావ. అందుకే ఫ్రెంచిలో దాని పేరు బుయీ బోర్దలేజ్, అంటే అచ్చంగా బోర్డో జావ. పిచికారీలు ఇంకా రాలేదు. కూలివాడు ఎడం చేత్తో బకెట్టు, కుడిచేత్తో పుల్లల పొరక పట్టుకుని, ముంచి, ఆకు మీద విదిలిస్తూ సాలు వెంట పోయేవాడు. చేతులూ చొక్కా గడ్డమూ అంతా నీలం. తరువాతి ఏళ్ళలో వెర్మొరెల్ అనే ఆయన వీపున మోసుకునే పిచికారీ డబ్బా తయారుచేశాక ఆ పొరకలు మూలకు చేరాయి, మందూ పల్చబడింది.

ఇక తగాదాలు మొదలయ్యాయి. మందు పనిచేస్తోందని తేలగానే తండ్రులు పుట్టుకొచ్చారు. బుర్గుండి వాళ్ళు, మేం తీగలకు పాతే గుంజలు పుచ్చకుండా మైలుతుత్తంలో నానబెడతాం, ఆ గుంజల పక్క తీగలు ఆకు నిలుపుకున్నాయి, మేమే ముందు చూశాం అన్నారు. బుర్గుండికీ బోర్డోకూ ఎవరి సారా గొప్పదని ముందే పోరు, ఇప్పుడు ఎవరి తుత్తం గొప్పదని ఇంకో పోరు. ఇటలీ వాళ్ళు రాగి ఎందుకు, ఉత్త సున్నపు నీళ్ళు చాలన్నారు. తాగేవాళ్ళది వేరే గోల. రాగి మందు చల్లిన పళ్ళ సారా తాగితే విషం కాదా? గయోఁ ఆ సారాను పరీక్షించి, పులిసేటప్పుడు రాగి చాలావరకు మడ్డితో పాటు అడుగున దిగిపోతుందని, సీసాలోకి చేరేది లెక్కలోకి రాదని చూపాడు. భయం తీరింది. అయిదారేళ్ళలో ఆ జావ యూరపంతా పాకింది, బంగాళాదుంప ఆకుమాడు తెగులుకూ పనికొచ్చింది. ద్రాక్షసారాకు పేరుపొందిన ఊరి పేరు, ద్రాక్ష మొహం చూడని రైతుల నోట్లోకి ఎక్కింది అప్పుడే.

మన దగ్గరికి ఆ సారా ముందొచ్చిందా, మందు ముందొచ్చిందా? సారాయే. కానీ అది మన గడప తొక్కలేదు.

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి రాసిచ్చాక కడప, జమ్మలమడుగు వైపు తెల్లదొరలు దిగారు. దొరల బల్ల మీద మదైరా, క్లారెట్ సీసాలు ఉండేవి. ఇంగ్లీషువాళ్ళ హిందుస్తానీలో క్లారెట్ పేరు లాల్ షరాబ్. 1886లో యూల్, బర్నెల్ అచ్చువేసిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో ఆ మాటకు, భారతదేశమంతటా క్లారెట్‌కు ఇదే పేరు అని అర్థం రాసి ఉంది. అంటే మిలార్దే జావ ప్రకటించిన మరుసటి ఏడే. హైదరాబాదులో నిజాం సైన్యాన్ని నడిపిన రేమండ్ గాస్కనీ వాడు, ఆ సీమ బోర్డోకు పొరుగు. ఆ కథ నాలుగో భాగంలో చెప్పుకున్నాం. యానాంలో ఫ్రెంచి జెండా 1954 దాకా ఎగిరింది. ఇంత రాకపోకలున్నా లాల్ షరాబ్ బంగళా గేటు దాటి బయటికి రాలేదు. ధర ఒకటి. ఎండ ఒకటి. మా పెన్నేటి ఒడ్డున మే నెలలో పీపా తెరిస్తే మూడోనాటికి అది పుల్లటి కాడి. మాకు ఈతకల్లు చాలు.

కల్లుకూ ఆ తరువాత గండం వచ్చింది. రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధాన్ని 1937లో సేలంలో మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. తెలుగునాట మొదట ఎండిన గొంతులు మావే.

ఫ్రెంచివాడూ రాగీ అనగానే గండికోట గుర్తుకు రాక మానదు. దారి తప్పుతున్నానని తెలుసు, అయినా మైలవరంలో కూర్చుని రాస్తూ ఎగువనున్న కోటను దాటిపోలేను. 1652లో వజ్రాల వర్తకుడు టావెర్నియర్ గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి గండికోట వచ్చాడు. ఏలుతూ వచ్చిన పెమ్మసాని వారి చేతిలోంచి కోట అప్పుడే జారిపోయింది. అక్కడ ఆయనకు సొంత దేశం మనిషి కనిపించాడు, బూర్జ్ పట్టణం వాడు, క్లోద్ మాయే. మీర్ జుమ్లా అతడికి ఫిరంగులు పోతపోసే పని అప్పగించాడు. రాగి ఎక్కడిదంటే, గుళ్ళలోంచి తెచ్చిన విగ్రహాలు. అన్నీ కరిగాయి గానీ గండికోట గుడి విగ్రహాలు ఆరు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదని టావెర్నియర్ రాసిపెట్టాడు. మంట చాలలేదో, లోహం మిశ్రమంలో తేడానో, పోతపోసేవాడి చేతకానితనమో, ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవచ్చు. మా ఊళ్ళో ఒక్కటే అంటారు: దేవుడు కరగలేదు.

సరే, జావ దగ్గరికి వద్దాం. దక్షిణాదిన ఆ మందుకు పేరు తెచ్చినవాళ్ళలో మైసూరు సంస్థానం కొలువులో 1908లో చేరిన కెనడా శాస్త్రవేత్త లెస్లీ కోల్‌మన్ ముఖ్యుడు. మలెనాడు పోకతోటలను వానాకాలంలో కొళెరోగం తినేసేది. కాయ కుళ్ళి రాలిపోయేది. రైతులు గెలలకు ఆకుల గొడుగులు కట్టేవాళ్ళు. కోల్‌మన్ గెలల మీద బోర్డో మిశ్రమం చల్లించాడు. జోరువానకు కొట్టుకుపోకుండా అందులో బంక కలిపించాడు. తోటలు నిలిచాయి. తమలపాకు తోటలకు, నిమ్మకు, చీనీకి, మిరప నారుకు అదే మందు తిరిగింది. అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న రైల్వేకోడూరు దగ్గర 1930లలో పండ్ల తోటల పరిశోధనా కేంద్రం వెలిశాక, చెట్టుకు పూసే బోర్డో పేస్టు చీనీ రైతు పంచాంగంలో ఒక తిథి అయిపోయింది.

పోయిన ఏడు తొలకరికి ముందు పులివెందుల దిక్కున ఒక తోటకు పోయాను. తొమ్మిదేళ్ళ చీనీ చెట్లు. నాలుగైదింటి మొదళ్ళలో బెరడు పగిలి తేనెరంగు బంక కారుతోంది. తోటాయన లుంగీ ఎగ్గట్టి పని మొదలుపెట్టాడు. ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో 5 లీటర్ల నీళ్ళు, అందులో కిలో మైలుతుత్తం గుడ్డమూట కట్టి వేలాడదీశాడు. మూటలోంచి నెమలిమెడ రంగు దారాలు దారాలుగా కిందికి దిగుతుంటే చూడముచ్చటగా ఉంది. ఆ పేరుకు అర్థమే నెమలి తుత్తం. మైలవరానికీ దానికీ చుట్టరికం కలపకండి, ఆ 'మైలు' వేరు.

ఇంకో డ్రమ్ములో కిలో సున్నపురాళ్ళు. నీళ్ళు పోయగానే బుస్సుమని కుతకుతలాడింది, మొహానికి ఆవిరి కొట్టింది. చల్లారాక గోనెపట్టాలో వడకట్టాడు. నేను సాయం చేద్దామని పక్కనున్న ఇనుప బకెట్టు అందుకున్నాను.

"దాన్ని ముట్టగాకు సామీ, తుత్తం ఇనుమును తినేస్తాది" అన్నాడు.

రెండు నీళ్ళూ ఒకేసారి మూడో డ్రమ్ములోకి వంచుతూ కట్టెతో తిప్పాడు. నెమలిమెడ రంగు పోయి ఆకాశం రంగు జావ తయారైంది. తరువాత చేసిన పనే నేను మరిచిపోలేనిది. నడుముకున్న కొడవలి తీసి దాని మొన జావలో ముంచి, వంద లెక్కపెట్టినంతసేపు ఉంచి, తీసి ఎండకు పట్టి చూశాడు. మొన మీద ఎర్రటి పొర.

"సూడు, రాగి కక్కుతాంది. సున్నం సాల్లేదు."

ఇంకో గుప్పెడు సున్నపు తేట పోశాడు. మళ్ళీ కొడవలి. ఈసారి మొన తెల్లగానే వచ్చింది. సున్నానికి చిక్కని రాగి ఇనుము మీద పడుతుంది, అదే చెట్టు మీద పడితే బెరడు కాలుతుంది. మిలార్దే, గయోఁ ప్రయోగశాలలో రెండేళ్ళు కూర్చుని తేల్చిన విషయాన్ని ఆయన కొడవలి మొన మీద నిమిషంన్నరలో తేల్చాడు. బంక కారేచోట బెరడు గోకి, పాత చీర ముక్కతో తుడిచి, బ్రష్షుతో మూడడుగుల ఎత్తు దాకా ఆ నీలం పూశాడు.

బోర్డో అంటే ఏమిటన్నా అని అడిగాను.

"యా కంపెనీనో ఏమో సామీ. మా నాయన కాలం నుంచీ అదే అంటాండాం."

ఆ ఊరుంది, నది ఉంది, అక్కడా సున్నపురాయి నేలే, ఎర్ర ద్రాక్షసారాకు లోకంలో అంత పేరున్న తావు ఇంకోటి లేదు అని చెప్పాను. సున్నపురాయి మాట దగ్గర మాత్రం తలెత్తాడు. మా జమ్మలమడుగు, ఎర్రగుంట్ల నేలంతా అదే గదా. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది దాని కోసమే. ఇంట్లో పరిచే కడప బండా ఆ రాళ్ళ జాతిదే.

"మరి వాళ్ళూ సీనీ పెట్టినారా?" అన్నాడు.

పెట్టలేదన్నాను. కాసేపు ఆలోచించి బ్రష్షు మళ్ళీ జావలో ముంచాడు.

ఈ కథకు ఇంకో వైపు ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. రాగి నేలలో కరిగిపోదు, ఎగిరిపోదు. నూట నలభై ఏళ్ళు చల్లిన రాగి బోర్డో తోటల పైమట్టిలో పేరుకుని ఉంది. వానపాములకు అది పడదు. పాత తోట పీకేసిన చోట వేరే పైరు వేస్తే ఎదగక మొరాయించిన నేలలున్నాయి. అందుకని యూరప్ దేశాలు 2019 నుంచి ఒక హద్దు గీశాయి. హెక్టారుకు ఏడేళ్ళలో 28 కిలోలకు మించి రాగి వాడరాదు. రసాయన మందులు ముట్టని సేంద్రియ తోటల వాళ్ళకు ఇదే పెద్ద చిక్కయింది, ఎందుకంటే బూజు తెగులుకు వాళ్ళకు చెల్లే మందు ప్రధానంగా ఇదొక్కటే. మన చీనీ చెట్టు మొదలుకు ఏడాదికి ఒకటి రెండుసార్లు పూసే పేస్టుతో అంత ముప్పు లేదు. తమలపాకు తోటల్లో మాత్రం మొదళ్ళలో పదేపదే పోస్తారు. అక్కడ మట్టి పరీక్ష చేయించుకోవడం మంచిది. ఇది చరిత్ర వ్యాసంలో చెప్పే మాట కాదని తెలుసు, అయినా చెప్పాను.

బోర్డో మందు మన దగ్గరికి వచ్చిన ఎనభై ఏళ్ళకు గానీ బోర్డో తీగ రాలేదు. వచ్చే భాగం ఆ తీగదే. 1988లో కన్వల్ గ్రోవర్ అనే వ్యాపారి ఫ్రెంచి ద్రాక్ష రకాలను దొడ్డబళ్ళాపురం దగ్గర నాటించడం, ముందు షాంపేన్ నిపుణుడు జార్జ్ వెసెల్, తరువాత 1990ల మధ్యలో బోర్డో కుడిగట్టు మనిషి మిషెల్ రోలాన్ సలహాకు రావడం, ఏడాదికి రెండు కాపులు కాస్తామని మొండికేసే తీగకు ఒక్క కాపు నేర్పడం, కాబెర్నేకు మెర్లో బదులు షిరాజ్ జత కుదరడం, ఇవన్నీ అందులో చూద్దాం. ఆ తోట తెలుగు మాట వినపడే నేలలోనే, నంది కొండల పాదాన ఉంది. పెన్న, చిత్రావతి, పాపఘ్ని, మా జిల్లాకు నీళ్ళిచ్చే ఈ మూడు ఏళ్ళూ పుట్టేది ఆ కొండల్లోనే.